మత్తడి ఆగిన రోజే చెరువు పనికి హద్దు గీయాలి

సంపాదకుల గారికి,

నమస్కారం. వానాకాలం చివర్లో వరంగల్, ములుగు, జనగామ, కరీంనగర్ వైపు చెరువులు నిండి మత్తడులు (నిండిన చెరువు నీళ్లు బయటికి పొర్లే అలుగులు) దుంకుతుంటే పత్రికల్లో ఫొటోలు వస్తాయి. ఆ చెరువుల మరమ్మతు మాట మాత్రం మళ్లీ ఏప్రిల్ దాకా ఎవరూ ఎత్తరు. యాసంగి కోతలు అయ్యాక నీళ్లు అడుగంటుతాయి. అప్పుడు ఎస్టిమేట్ వేసి, టెండర్ పిలిచి, పొక్లెయిన్ దిగేసరికి మే సగం దాటుతుంది. జూన్ 7, 8 తేదీలకు మృగశిర కార్తె వచ్చేస్తుంది. మధ్యలో దొరికిన మూడు నాలుగు వారాల్లో కూడా చాలా కాలం తగువులకే పోతుంది. శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల, ఎక్కడిదాకా? ఎంత లోతు తవ్వాలి? తూము ఈ పనిలో ఉందా లేదా? తుమ్మ మొద్దులు ఎవరు పెకిలించాలి? మట్టి ఎక్కడ పోయాలి?

వీటిలో చాలా ప్రశ్నలకు జవాబు చెరువు ఎండినప్పుడు దొరకదు, నిండుగా ఉన్నప్పుడే దొరుకుతుంది. వచ్చే ఎండాకాలం చేయబోయే పనికి హద్దులు ఈ అక్టోబర్, నవంబర్ నెలల్లోనే గీయాలని అధికారులను, సర్పంచులను, ఆయకట్టు రైతులను కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాం.

మొదటిది నేల మీది హద్దు. చెరువు పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్, మత్తడి తల మట్టమే. వరద తగ్గి మత్తడి మీది నుంచి నీళ్లు దుంకడం ఆగిన రోజు నీటి అంచు ఎక్కడుందో ఎఫ్‌టీఎల్ గీత సరిగ్గా అక్కడ ఉంటుంది. ఆ రోజు చెరువే తన హద్దు చూపిస్తుంది, లెవెల్ మిషన్ లేకపోయినా పని జరుగుతుంది. గాలి లేని పొద్దున పూట నీటి అంచు వెంబడి నడుస్తూ 30 మీటర్లకో మేకు, వంపుల దగ్గర 15 మీటర్లకో మేకు కొట్టాలి. ప్రతి మేకు దగ్గర జీపీఎస్ రీడింగ్, ఫొటో తీసుకోవాలి. మత్తడి రెక్కగోడ మీద ఒక బెంచ్ మార్క్ (ఎత్తు కొలతకు ఆధారమైన గుర్తు) చెక్కించి దాని ఎత్తు రాసి పెడితే, మేకులు ఎవరైనా పీకేసినా ఆ గీతను మళ్లీ నిలబెట్టుకోవచ్చు. రాళ్లు పాతడం తర్వాత తీరికగా చేసుకోవచ్చు. డిసెంబర్, జనవరిలో యాసంగికి తూము తెరిచారంటే ఆ గీత పోయినట్టే. తర్వాత డీజీపీఎస్ (మామూలు జీపీఎస్ కన్నా కచ్చితమైన ఉపగ్రహ కొలత) సర్వే చేయించి గీయాలి. దానికి ఖర్చు, కాలం ఉంటాయి, నమ్మనివాళ్లూ ఉంటారు. కళ్లముందు నీళ్లు నిలిచిన గీతను కాదనడం మాత్రం ఎవరికైనా కష్టం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మత్తడి అసలు మట్టంలోనే ఉందా? చాలాచోట్ల ఉండదు. చేపలు కొట్టుకుపోకుండా మత్తడికి అడ్డంగా జాలీలు కడతారు. వాటికి చెత్త, గుర్రపుడెక్క పట్టి నీళ్లు ఎగదన్నుతాయి. ఆయకట్టు చివరి రైతులు ఇసుక బస్తాలు పెడతారు. దీనికి ఎదురుగా, శిఖంలో సాగు చేసేవాళ్లు, ప్లాట్లు కొన్నవాళ్లు మత్తడి రాళ్లు తీసి గండి కొడతారు. అందుకే మేకులు కొట్టకముందే జాలీలు, బస్తాలు తీయించి, పాత రికార్డులోని మత్తడి మట్టంతో సరిచూసుకోవాలి.

మత్తడి మట్టంలో 30 సెంటీమీటర్ల తేడాకు ఇంత రచ్చ ఎందుకని అడగవచ్చు. మన చెరువుల్లో కట్టకు ఎదుటి వైపు భాగం బాగా చదును. వాలు 100కు 1 ఉన్నచోట మట్టం 30 సెంటీమీటర్లు మారితే నీటి అంచు 30 మీటర్లు జరుగుతుంది. ఆ అంచు 500 మీటర్ల పొడవు ఉందనుకుంటే 15,000 చదరపు మీటర్లు, అంటే 3 ఎకరాల 28 గుంటలు, చెరువులోకి వచ్చినట్టో బయటికి పోయినట్టో అవుతుంది. ఊళ్లలో తలలు పగిలేది ఈ 28 గుంటల దగ్గరే.

కట్ట భద్రతకూ ఇదే లెక్క. 30 మీటర్ల పొడవున్న మత్తడి మీద 0.9 మీటర్ల ఎత్తున నీళ్లు దుంకితే సెకనుకు సుమారు 43.5 ఘనపు మీటర్లు బయటికి పోతాయి. మత్తడిని 0.3 మీటర్లు ఎత్తు పెంచి, కట్టను అలాగే వదిలేస్తే నీళ్లు దుంకడానికి మిగిలే ఎత్తు 0.6 మీటర్లే. అప్పుడు పోయేది 23.7 ఘనపు మీటర్లు. పెంచింది అడుగే అయినా వరదను వదిలే శక్తి దాదాపు సగానికి పడిపోయింది. మిగతా నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయి, మట్టికట్ట మీద నీళ్లు పారితే గండి పడినట్టే. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిన ప్రాంతం మనది. మత్తడి ఎత్తు మార్చాలని ఎవరు అడిగినా, కట్ట ఎత్తు లెక్క చూపకుండా ఆ ఐటెం ఎస్టిమేట్‌లోకి రాకూడదు.

ఎఫ్‌టీఎల్ గీతను రెవెన్యూ రికార్డుతో కలిపి చూడాలి. మండల సర్వేయర్ గ్రామ నక్షా, టీపన్లు (సర్వే నంబర్ల కొలతల పటాలు) తెచ్చి మేకుల వరుస ఏ సర్వే నంబర్లలోంచి పోతుందో గుర్తించాలి. సర్కారీ శిఖం, శిఖం పట్టా, మామూలు పట్టా మూడూ వేరు. శిఖం పట్టా ఉన్న రైతు నీళ్లు దిగాక సాగు చేసుకోవచ్చు కానీ, మట్టి పోసి నేల ఎత్తు పెంచడానికి వీల్లేదు. ఈ ముక్క ముందే కూర్చోబెట్టి చెప్పి సంతకం తీసుకుంటే, మే నెలలో పొక్లెయిన్‌కు అడ్డం పడుకునేవాళ్లు తగ్గుతారు. పట్టణాల దగ్గర మరో గీత కూడా వేయాలి. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీ వదలాలి. ఎఫ్‌టీఎల్ తేలకపోతే ఈ 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు?

కట్ట సంగతి కూడా నిండు చెరువు మీదే తేలుతుంది. నీటి తలం ఎలాగూ సమతలమే కాబట్టి, స్టాఫ్ (కొలత గీతలున్న కర్ర) పట్టుకుని 30 మీటర్లకోసారి కట్ట తల నుంచి నీటి వరకు ఎంత ఎత్తుందో కొలిస్తే ఎక్కడ కుంగిందో అరగంటలో తెలిసిపోతుంది. తర్వాత కట్ట వెనుక వైపు, అంటే నీళ్లు లేని వైపు, దిగి నడవాలి. చెమ్మ ఎక్కడుంది, వేసవిలో లేని తుంగ ఎక్కడ మొలిచింది, ఎండ్రకాయ బొక్కలు, పందికొక్కు కన్నాలు ఎక్కడున్నాయి, ఇవన్నీ మత్తడి వైపు నుంచి ఎన్నో మీటరు దగ్గరో రాసుకోవాలి. ఊట నీళ్లు తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండవచ్చు. మడ్డిగా వస్తున్నాయంటే నీళ్లు కట్టలోని మట్టిని మోసుకొస్తున్నాయన్నమాట, దానికి వేసవి దాకా ఆగడానికి లేదు. తూము షట్టర్ పూర్తిగా దించాక కూడా అవతల నీళ్లు వస్తుంటే, 15 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి రాయాలి. నీరటి (తూము తెరిచి నీళ్లు పంచే మనిషి) ఉన్న ఊళ్లో ఆయన్ను వెంట తీసుకెళ్లండి. ఏ తూము మొరాయిస్తుందో ఆయనకు తెలిసినట్టు కాగితానికి తెలియదు. మే నెలలో వెళితే కట్ట మొత్తం ఒకే రంగులో ఎండిపోయి ఉంటుంది. అప్పుడు వేసే ఎస్టిమేట్‌లో '0 నుంచి 640 మీటర్ల వరకు కట్ట బలోపేతం' అని ఒక్క ముక్క రాస్తారు. ఊట 210 నుంచి 240 మీటర్ల మధ్యే ఉంటే మట్టి మాత్రం 640 మీటర్లూ పలచగా పరుస్తారు, ఊట అలాగే ఉంటుంది.

ఇక కాగితం మీది హద్దు. ఎస్టిమేట్ అంటే ఏం చేస్తారో చెప్పే పట్టిక అనుకుంటాం. ఏం చేయరో అందులో రాయకపోతే ప్రతివాళ్లూ తమకు కావాల్సింది అందులో ఉందనే అనుకుంటారు.

పూడికతీత తీసుకోండి. చెరువులో ఏ భాగం, ఎంత లోతు, మట్టి ఎటు పోతుంది, ఈ మూడూ ఉండాలి. లోతు తేల్చడానికి నీళ్లు వెనక్కి తగ్గుతున్నప్పుడే నాలుగైదు చోట్ల మీటరు లోతు గుంతలు తీసి, నల్లటి ఒండ్రు ఎంత మందం ఉందో, కింద మొరం ఎక్కడ మొదలైందో కొలవాలి. ఒండ్రు 50 సెంటీమీటర్లే ఉన్నచోట మీటరు తవ్వితే నీళ్లు పట్టి ఉంచే అడుగు పొర తెగి, నీళ్లు భూమిలోకి దిగిపోతాయి. తూము గడప మట్టం కంటే కిందికి తవ్వితే ఆ గుంతలో నీళ్లు నిలుస్తాయి కానీ పొలానికి పారవు. పశువులకు, చేపలకు అలాంటి గుంత కావాలని ఊరే అనుకుంటే మంచిదే, అలా అని రాయాలి, ఎక్కడో నక్షాలో చూపాలి. కట్ట కాలి (కట్ట నేలను తాకే అంచు) నుంచి ఎన్ని మీటర్ల లోపల పొక్లెయిన్ బకెట్ పెట్టకూడదో కూడా అంకెతో ఉండాలి. కట్ట పక్కనే మెత్తటి మట్టి దొరుకుతుంది, ట్రాక్టర్‌కు దారి దగ్గర, డ్రైవర్ అక్కడే తవ్వుతాడు. కట్ట జారేది కూడా అక్కడే.

పరిమాణం లెక్క ముందే చూసుకుంటే చాలా భ్రమలు పోతాయి. 5 ఎకరాల్లో 60 సెంటీమీటర్ల లోతు తీస్తే సుమారు 12,140 ఘనపు మీటర్లు. తవ్విన మట్టి వదులై పొంగుతుంది. నాలుగో వంతు పొంగినా ట్రాలీల్లోకి ఎక్కేది 15,000 ఘనపు మీటర్ల పైమాటే. ట్రాలీకి 3 ఘనపు మీటర్ల చొప్పున 5,000 ట్రిప్పులు దాటతాయి. 20 ట్రాక్టర్లు రోజుకు తలా 12 ట్రిప్పులు వేస్తే 21 రోజులు. ఇది 5 ఎకరాలకే. 'చెరువంతా పూడిక తీస్తాం' అన్న ప్రకటన విన్నప్పుడు ఈ లెక్క వేసి చూడండి. ట్రిప్పులు లెక్కపెట్టి బిల్లు రాస్తే పొంగిన మట్టికి కూడా డబ్బు పోతుంది కాబట్టి, తవ్వకముందు, తవ్విన తర్వాత 10 మీటర్ల గళ్లలో లెవెల్స్ (నేల ఎత్తుల కొలతలు) తీసి తేడాకే చెల్లించాలి. తవ్వకముందు తీసిన లెవెల్స్‌లో సగటున 5 సెంటీమీటర్ల తప్పు ఉంటే ఆ 5 ఎకరాల్లో 1,000 ఘనపు మీటర్లు లేనిపోనివి పుడతాయి. మొదటి లెవెల్స్ పుస్తకం మీద ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సంతకంతో పాటు రైతుల సంతకాలూ ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

మట్టి ఎటు పోతుందన్నది ఎవరూ పట్టించుకోని ప్రశ్న. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో తవ్వకం సర్కారుది, తోలకం రైతుది అన్న పద్ధతి నడిచింది. చెలక భూములకు ఒండ్రు మేలు చేస్తుంది కనుక రైతులు పోటీపడి తోలుకుంటారు. రేగడి ఉన్నవాళ్లు అంతగా రారు. పై పొర అయిపోయి మొరం కలిసిన మట్టి రావడం మొదలైతే ఎవరూ రారు. ఆ మిగిలిన మట్టి చెరువులోనే ఒక మూల కుప్ప పడి, మొదటి పెద్ద వానకు తిరిగి గుంతల్లోకే చేరుతుంది. ఎంత మట్టికి రైతులు పేర్లు రాయించుకున్నారో ముందు తేల్చి, మిగతాది ఎక్కడ, ఎంత దూరంలో, ఎవరి ఖర్చుతో పోయాలో ఎస్టిమేట్‌లో ఉంచాలి. పూడిక మట్టినే కట్టకు పోయడం మరో అలవాటు. ఒండ్రు ఎండితే నెర్రెలు బారుతుంది, కట్టకు పనికిరాదు. కట్ట మట్టి ఎక్కడి నుంచి తేవాలో వేరే రాయాలి. పాత వాలును మెట్లుగా చెక్కాక, పొర పొరగా పోసి నీళ్లు చల్లి రోలర్ తిప్పాలి. నీళ్ల ట్యాంకర్ ఎస్టిమేట్‌లో లేకపోతే పొడి మట్టి కుమ్మరించి వెళ్లిపోతారు.

జంగిల్ కటింగ్ అన్న ఐటెం గురించి ఒక్క మాట. సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే రెండు వానలకు మళ్లీ చిగురిస్తుంది. వేళ్లతో పెకిలించాలని, ఆ గుంతను మట్టితో దిమ్మిస కొట్టి పూడ్చాలని రాయాలి. కట్టలో వేరు కుళ్లితే నీటికి దారి ఏర్పడుతుంది.

కొన్నిటికి హద్దు ముందే గీయలేం. తూము లోపల ఏముందో నీళ్లు పోయేదాకా కనబడదు. అలాంటప్పుడు దాన్ని వదిలేయడమో, ఊహించి ఒక మొత్తం వేయడమో జరుగుతుంది. రెండూ తప్పే. 'తూము గొట్టం నీళ్లు దిగిన వెంటనే తెరిచి చూడాలి, వారంలోగా మరమ్మతో కొత్తదో డీఈ (ఏఈ పై ఇంజినీర్) నిర్ణయించాలి, కొత్తదైతే వేరే ఎస్టిమేట్' అని రాసి పెడితే, తెలియని పనికి కూడా గడువు, బాధ్యుడు దొరుకుతారు. పని వరుసలోనూ తూమే ముందుండాలి. కాంక్రీటు పూర్తి బలం రావడానికి 28 రోజులు లెక్క వేస్తాం. మే 10 కల్లా తూము కాంక్రీటు పడకపోతే మృగశిరలోపు అది నీళ్లకు సిద్ధం కాదు. జరిగేది దీనికి తలకిందులు. మిషన్ తవ్వకం సులువు, బిల్లు త్వరగా వస్తుంది, కాబట్టి పూడికతీత ముందు నడుస్తుంది. తూము చివరికి మిగిలి, వానలు వచ్చాక బస్తాలతో మూసేస్తారు.

చెరువుకు వచ్చే ఫీడర్ కాలువ, మత్తడి కింద వాగు ఎస్టిమేట్‌లో దాదాపు ఎప్పుడూ ఉండవు. డబ్బు చాలదంటే వదిలేయండి, అభ్యంతరం లేదు. కానీ 'ఇవి ఈ పనిలో లేవు' అని రాయండి, ఏ శాఖ చూడాలో కూడా రాయండి. కాకతీయుల నాటి నుంచి మన దగ్గర చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు వస్తాయి. మధ్య కాలువను రోడ్డో వెంచరో మింగేస్తే కింది చెరువును ఎంత లోతు తవ్వినా ఎండే ఉంటుంది, లేదంటే ఒకే రాత్రి మునుగుతుంది. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హన్మకొండ లోతట్టు కాలనీలు మునిగినప్పుడు నాలాల సంగతి అందరికీ గుర్తొచ్చింది. నగర చెరువులకు మురుగు కూడా ఉంది. మోరీల నీళ్లు మళ్లించే పైపు పనిలో లేకుండా పూడిక ఒక్కటే తీస్తే కొన్నేళ్లకు మళ్లీ అదే బురద. ఆ బురదను పరీక్ష చేయించకుండా పొలాలకు తోలనివ్వకూడదు, అందులో ఏ రసాయనాలు, లోహాలు ఉన్నాయో చూసి తెలిసేది కాదు.

పని నడుస్తుండగా వచ్చే కోరికలు మరో తలనొప్పి. బతుకమ్మ ఘాట్ కావాలంటారు, కట్ట మీద రోడ్డు కావాలంటారు, బెంచీలు, లైట్లు అంటారు. అడగడంలో తప్పులేదు. ఆడపిల్లలు జారిపడకుండా నీళ్ల దగ్గరికి దిగే మెట్లు ఏ ఊరికైనా అవసరమే. కాకపోతే కట్టిన కట్టను మళ్లీ కోసి మెట్లు దించితే, పాత మట్టి, కొత్త కాంక్రీటు కలిసే చోట ఊట మొదలవుతుంది. రోడ్డు కావాలంటే కట్ట తల వెడల్పే వేరు, దానితో అడుగు వెడల్పు, మట్టి లెక్క అన్నీ మారతాయి. అందుకే గ్రామసభ నవంబర్‌లోనే పెట్టి అప్పుడే అడిగించాలి. తర్వాత వచ్చే ఏ అదనపు పనికైనా ఎవరు ఒప్పుకున్నారు, డబ్బు ఎక్కడిది, దానికోసం ఏది మానేస్తున్నారు అనే మూడు ముక్కలు రాసి సంతకాలు పెట్టాకే పని కదలాలి. నోటిమాట మీద పని చేసిన కాంట్రాక్టర్ తర్వాత బిల్లు కోసం తిరుగుతాడు, లేదా రాని బిల్లును పూడిక లెక్కలో కలుపుతాడు. రెండో దారే ఎక్కువ.

ఇదంతా తెలుగులో ఒకటి రెండు పేజీల్లో ఇమిడిపోతుంది. పక్కన చేతితో గీసిన నక్షా, దాని మీద మేకుల వరుస, తవ్వే భాగం, తవ్వకూడని పట్టీ, కట్ట మీటర్లు ఉంటే చాలు. పంచాయతీ గోడకు అంటించాలి. అంటించని చోట 2005 సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేట్, మొదటి లెవెల్స్, ఎంబీ (పని కొలతల పుస్తకం) నకళ్లు అడగవచ్చు. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా అదే చట్టం సెక్షన్ 2(జె)లో ఉన్నాయి.

నీటిపారుదల శాఖ ఏఈలు, తహసీల్దార్లు, పంచాయతీ కార్యదర్శులు, మత్స్య సహకార సంఘాల వాళ్లు, ఆయకట్టు రైతులు కలిసి ప్రతి చెరువుకు ఒక్క పూట కేటాయిస్తే నడక, మేకులు, కొలతలు పూర్తవుతాయి. ఈ ఏడు ఏయే చెరువులకు మరమ్మతు ప్రతిపాదన ఉందో మండలాల వారీగా జాబితాను కలెక్టర్లు దసరాలోగా ప్రకటిస్తే, మత్తడి ఆగే రోజుకు మనుషులు, మేకులు సిద్ధంగా ఉంటారు. కొన్ని చెరువుల్లో ఆ గీత నాలుగైదు రోజులకు మించి నిలవదు.

ఇట్లు,
కొందరు విశ్రాంత నీటిపారుదల ఇంజినీర్లు, సర్వేయర్లు
హన్మకొండ